ఎంజీఏ కొన్న తమ్ముడికి: బిళ్లలు పీకెయ్యకు, ముందు వెనక్కి తిప్పి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 1958 నాటి ఎంజీఏ 1500 రోడ్‌స్టర్ (బ్రిటన్‌లో ఎంజీ కంపెనీ చేసిన చిన్న స్పోర్ట్స్ కారు) ఒకటి, కాలం చేసిన ఒక పెద్దాయన ఇంటివాళ్ల దగ్గర కొన్నావు. ముందు బంపర్ మీద క్రోమ్ కడ్డీ, దానికి కార్ల క్లబ్బుల బిళ్లలు నాలుగు: ఏఏ, ఆర్ఏసీ, బీఏఆర్‌సీ, మద్రాసు క్లబ్బుది ఒకటి. లోపల చెక్క స్టీరింగ్. డిక్కీలో దొరికిన డబ్బాలో చక్రాల మీద మూతల్లా బిగించే డిస్కులు మూడు, ఒక ఇత్తడి పురుగు బొమ్మ, అడుగున్నర తోలు పట్టీ. "ఇవేవీ ఫ్యాక్టరీవి కావు, అన్నీ తీసేసి బొక్కలు పూడ్చి రంగు వేస్తాం" అంటున్నాడు రిపేరు చేసేవాడు. వీటిలో అరుదైనవి ఏవి, నకిలీవి ఏవి, ఉంచాలా తీసెయ్యాలా అన్నది నీ ప్రశ్న.

నేను ఇంగ్లండులో కొవెంట్రీ పక్కన ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నాను. ఉద్యోగం టూల్‌రూమ్‌లో, శని ఆదివారాలు పాత కార్ల బానెట్ల కింద. నీ మెకానిక్ చెప్పింది సగం నిజం. ఆ మిగతా సగం కోసమే ఇంత పొడుగు రాస్తున్నాను.

ఆ రోజుల్లో ఎంజీఏ కొనడమంటే పెళ్లికూతురికి నగలు ఎంచినట్టు. అబింగ్డన్‌లోని ఎంజీ ఫ్యాక్టరీ కారు ఇచ్చేది, దాంతోపాటు అదనపు సామాన్ల జాబితా ఒకటి ఇచ్చేది. హీటరు కూడా అందులోదే! రేడియో, వైరు చక్రాలు, ఫాగ్ ల్యాంపు, వెనక సామాను పెట్టుకునే రాక్, ఏస్ చక్రాల డిస్కులు, బిళ్లలు తగిలించే కడ్డీ, అన్నీ విడిగా డబ్బు కట్టి తీసుకోవాల్సినవే. కొన్ని ఫ్యాక్టరీలోనే బిగించేవారు, కొన్ని డీలరు తన షెడ్డులో బిగించేవాడు, కొన్ని ఓనరు ఆదివారం పూట స్పానరు పట్టుకుని తనే బిగించుకునేవాడు. కాబట్టి "ఫ్యాక్టరీది కాదు" అన్నంత మాత్రాన "ఈ కారుది కాదు" అని తేలిపోదు. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్లు పాత తయారీ రికార్డులు చూసి హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. ముందు అది తెప్పించు. ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు నీ కారుకు ఏమేం ఉన్నాయో అందులో తెలుస్తుంది. డీలరు పెట్టినవి మాత్రం అందులో ఉండవు, వాటికి సాక్ష్యం కారు మీదే వెతకాలి.

1955 నుంచి 1962 దాకా ఎంజీఏలు లక్షకు పైగా తయారయ్యాయి. కారు దొరకడం కష్టం కాదు. దాని నగలు దొరకడం కష్టం. నీ డబ్బాలో మూడు డిస్కులే ఎందుకున్నాయనుకున్నావు? నాలుగోది ఎక్కడో మలుపులో ఊడి పొదల్లోకి దొర్లిపోయి ఉంటుంది. ఏస్ డిస్కులు చేసింది ఇక్కడి కొవెంట్రీ కంపెనీయే, కార్నర్‌క్రాఫ్ట్. లోపలివైపు తిప్పి ఆ పేరు ఉందేమో చూడు. ఉంటే ఆ మూడూ పాత బట్టలో చుట్టి దాచు. నాలుగోది పాత కార్ల సామాన్లు అమ్మే ఆటోజంబుల్ సంతల్లో విడిగా దొరికినప్పుడు కొనుక్కోవచ్చు. ఒంటరి డిస్కును ఎవడూ పట్టించుకోడు, నాలుగూ కలిసిన సెట్టుకు మాత్రం జనం కొట్టుకుంటారు. నేనైతే వాటిని కారుకు బిగించి రోడ్డు మీదకు తీసుకెళ్లను, ప్రదర్శన రోజున పార్కింగులో పెట్టాక బిగిస్తాను.

ఇక బిళ్లలు. అరవై ఏళ్ల కథ ఉన్నది వీటిలోనే.

బ్రిటన్‌లో ఆటోమొబైల్ అసోసియేషన్, అంటే ఏఏ, 1905లో పుట్టింది. మొదటి ఉద్దేశం బ్రేక్‌డౌన్ సాయం కాదు. రోడ్డు పక్క పొదల్లో స్టాప్‌వాచ్‌లు పట్టుకుని నక్కే పోలీసుల నుంచి కార్లవాళ్లను కాపాడటం. సైకిళ్ల మీద తిరిగే ఏఏ మనుషులు ముందే పోలీసుల జాడ చెప్పేవారు. 1910లో ఒక కోర్టు తీర్పుతో అలా సూటిగా హెచ్చరించడం నేరమైంది. అప్పుడొక చిట్కా పట్టారు. బిళ్ల ఉన్న కారు కనపడితే ఏఏ మనిషి సలాం కొడతాడు. కొట్టలేదంటే కారు ఆపి ఎందుకు కొట్టలేదని సభ్యుడు అడగాలి, అంటే ముందు పోలీసులున్నారని అర్థం. సలాం చెయ్యనందుకు ఎవరి మీదా కేసు పెట్టలేరు కదా! ఈ సలాం ఆచారం 1960ల మొదటి దాకా నడిచింది. నీ కారు కొత్తగా ఉన్న రోజుల్లో ఆ కడ్డీ మీది బిళ్లకు నిజంగా సలాములు పడ్డాయన్నమాట. మన ఊళ్లో కలెక్టరాఫీసు బంట్రోతు బిళ్లకున్న దర్జా లాంటిదే, కాకపోతే ఇక్కడ బిళ్ల ఉన్నవాడికే సలాం.

ఏఏ బిళ్ల సభ్యుడి సొత్తు కాదు, సంస్థది. సభ్యత్వం అయిపోతే వెనక్కి ఇచ్చెయ్యాలి. అందుకే ప్రతి బిళ్ల మీదా నంబరు కొట్టి ఉంటుంది, దాంతోపాటు ఉండే అక్షరాన్ని బట్టి అది ఏ కాలందో అంచనా వెయ్యవచ్చు. 1967 నుంచి పసుపు పచ్చటి చదరం బిళ్ల వచ్చింది. నీది రెక్కలున్న క్రోమ్ రకం అన్నావు, అది నీ కారు వయసుకు సరిపోతుంది. ఇవి లక్షల్లో తయారయ్యాయి కాబట్టి అరుదైనది కాదు, సంతలో తేలిగ్గానే దొరుకుతుంది. అయినా ఆ నంబరు పెద్దాయన పాత కాగితాల్లో ఎక్కడైనా కనిపిస్తే ఆ మామూలు బిళ్లే నీ కారు జాతకంలో ఒక పేజీ అవుతుంది. వాళ్ల ఇంట్లో సభ్యత్వ కార్డు, పాత డైరీ, ఇన్సూరెన్స్ కాగితం ఏదన్నా ఉందేమో మర్యాదగా అడుగు.

ఇక్కడ నా బుద్ధి తక్కువతనం ఒకటి చెప్పాలి. పదేళ్ల కిందట నా దగ్గర ఇలాంటిదే యుద్ధానికి ముందుది ఒకటి ఉండేది. కాస్త మచ్చలు పడిందని ఒక పూత షాపులో కొత్త క్రోమ్‌కి ఇచ్చాను. అద్దంలా మెరిసిపోతూ వచ్చింది. చూస్తే నంబరు లేదు. కొత్త పూతకు ముందు బఫ్ చక్రం మీద పెట్టి రుద్దుతారు కదా, అంకెలు అందులో అరిగిపోయాయి. అమ్మమ్మ నగ కంసాలి దగ్గర మెరుగు పెట్టిస్తే తరుగు పోతుందని చిన్నప్పటి నుంచి వింటూనే పెరిగాను, ఆ మాట సమయానికి గుర్తుకు రాలేదు. అది ఇప్పుడు నా గ్యారేజీలో తాళాలు తగిలించే కొక్కెం.

ఆర్ఏసీ, అంటే రాయల్ ఆటోమొబైల్ క్లబ్, బిళ్ల మీది కిరీటం చూడు. రాజుల కాలంలో వాడిన ట్యూడర్ కిరీటానికి పైన కమాను గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. ఎలిజబెత్ రాణి వచ్చాక వాడిన సెయింట్ ఎడ్వర్డ్ కిరీటంలో కమాను మధ్యలో కిందికి నొక్కుకుని ఉంటుంది. 1958 కారు మీద రాణి కిరీటం సహజం. రాజు కిరీటం కనిపిస్తే దిగులు పడకు, పెద్దాయన పాత కారు నుంచి కొత్త కారుకు మార్చుకుని ఉంటాడు. బిళ్లలు కార్లను అంటిపెట్టుకుని ఉండవు, మనుషుల వెంట పోతాయి.

బీఏఆర్‌సీ బిళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఈ అక్షరాలు చూడగానే అమ్మేవాళ్లు "బ్రూక్‌లాండ్స్! బ్రూక్‌లాండ్స్!" అని కేకలు పెడతారు. సర్రేలో వేబ్రిడ్జ్ దగ్గర 1907లో మొదలైన కాంక్రీటు రేసు ట్రాక్ అది, 1939లో యుద్ధంతో మూతపడింది. అక్కడి బ్రూక్‌లాండ్స్ ఆటోమొబైల్ రేసింగ్ క్లబ్ అక్షరాలు అవే. కానీ యుద్ధం తర్వాత బ్రిటిష్ ఆటోమొబైల్ రేసింగ్ క్లబ్ అని మరొకటి అవే నాలుగు అక్షరాలతో నడిచింది, గుడ్‌వుడ్‌లో రేసులు పెట్టింది. కారు పుట్టేనాటికి బ్రూక్‌లాండ్స్ మూతపడి పందొమ్మిదేళ్లు. నీ బిళ్ల రెండో క్లబ్బుదే అయ్యుండే అవకాశం ఎక్కువ, అక్షరాల పక్కన పూర్తి పేరు ఉందేమో చూడు. అదైతే నిరాశ పడకు, 1958 స్పోర్ట్స్ కారు మీద ఉండాల్సింది అదే.

అసలైన అరుదు అంటే ఏమిటో తెలియడానికి ఒక్క మాట. బ్రూక్‌లాండ్స్‌లో 120 మైళ్ల బిళ్ల, 130 మైళ్ల బిళ్ల అని ఉండేవి. రేసు మీటింగులో గంటకు అన్ని మైళ్ల వేగంతో చుట్టు పూర్తి చేసినవాళ్లకే ఇచ్చేవారు. 120 మైళ్లంటే గంటకు 193 కిలోమీటర్లు, ఆనాటి టైర్లతో, ఎగుడుదిగుడు కాంక్రీటు మీద! ఆ ట్రాక్ మొత్తం చరిత్రలో అత్యధికం 1935లో జాన్ కాబ్ నేపియర్-రెయిల్టన్ కారుతో కొట్టిన 143.44 మైళ్లు. అలాంటి బిళ్ల ఎవరైనా ఇంటర్నెట్‌లో "అసలుది, అర్జెంటు అమ్మకం" అని పెడితే నవ్వుకుని పేజీ మార్చెయ్యి.

ఇప్పుడు అసలు విద్య. బిళ్ల ముందు వైపు అందరూ చూస్తారు, నకలు చేసేవాడు కూడా తన ప్రాణమంతా అక్కడే పెడతాడు. వెనక్కి తిప్పితే బండారం బయటపడుతుంది. మంచి బిళ్లలు ఎక్కువగా బర్మింగ్‌హామ్ జువెలరీ క్వార్టర్‌లో తయారయ్యాయి. గాంట్, ఫటోరిని, వాటన్స్ లాంటి పేర్లు వెనక సన్నగా కొట్టి ఉంటాయి. ఆస్టన్ మార్టిన్ రెక్కల బిళ్ల చేసే వాటన్స్ వాళ్లే 1908 లండన్ ఒలింపిక్స్ పతకాలూ చేశారు, అంత పనితనం. ఆ కాలం బిళ్లలు ఎక్కువ భాగం అచ్చు కొట్టినవి, అంచులు కత్తిరించినట్టు ఉంటాయి. పోత పోసిన నకళ్ల వీపు ఇసకలో దొర్లినట్టు గుంటలు గుంటలుగా ఉంటుంది, అక్షరాల మూలలు సబ్బు బిళ్లలా మెత్తబడి ఉంటాయి. బిళ్ల మీద ఇంకో బిళ్ల పెట్టి అచ్చు తీసి పోస్తే పరిమాణం కూడా ఒక పిసరు తగ్గుతుంది. మీ క్లబ్బులో ఎవరి దగ్గరైనా నికార్సయినది ఉంటే పక్కపక్కన పెట్టి వెర్నియర్‌తో కొలువు.

రంగు భాగం మీనా పనేనా అన్నది రెండో పరీక్ష. అసలు మీనా అంటే గాజు పొడి. రాగి మీదో ఇత్తడి మీదో పెట్టి కొలిమిలో కరిగించింది. చెంపకు ఆనిస్తే చల్లగా ఉంటుంది, గోటితో తడితే గాజు చప్పుడు, పెచ్చు ఊడిన చోట గాజు పెంకు విరిగినట్టు నునుపైన గుంట. ఇప్పటి నకళ్లలో పోసేది రెసిన్. అంచుల దగ్గర లోహం గీతల కన్నా కాస్త దిగి ఉంటుంది, లేదా పైన లడ్డూలా ఉబ్బి ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే మీనాలో ఏళ్ల తరబడి పడిన సన్న గీతలు కనిపిస్తాయి. సూది గుచ్చి చూడమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చెయ్యకు, అసలుదైతే పాడు చేసినవాడివవుతావు.

మూడోది నాకు బాగా ఇష్టమైనది, మరలు. పాత ఇంగ్లీషు బిళ్లల వెనక స్టడ్డు ఎక్కువగా బీఏ అనే పాత బ్రిటిష్ కొలతది ఉంటుంది. 2బీఏ అయితే మందం 4.7 మిల్లీమీటర్లు. కొత్త నకలుకు మెట్రిక్ ఎం5 వేస్తారు, 5 మిల్లీమీటర్లు. ఒక మర చుట్టు నుంచి పక్క చుట్టుకు దూరం రెండింటికీ దాదాపు ఒకటే కాబట్టి కంటితో తేడా తెలియదు, కానీ 2బీఏ నట్టు ఎం5 స్టడ్డు మీదకు ఎక్కదు. జేబులో ఒక 2బీఏ నట్టు వేసుకుని సంతకు వెళ్లు, అమ్మేవాడి ముఖం రంగు మారుతుంది. ఒక్క మాట: మధ్యలో ఎవరో స్టడ్డు విరిగితే కొత్తది అతికించి ఉండవచ్చు. అందుకని ఒక్క మరను పట్టుకుని తీర్పు చెప్పకు, మూడు పరీక్షలూ కలిపి చూడు. పూత రంగూ చూడు. కార్ల మీద క్రోమ్ మామూలైంది 1930 ప్రాంతంలో, అంతకు ముందంతా నికెల్, దానిది కాస్త పసుపు కలిసిన వెచ్చని మెరుపు. 1920ల బిళ్ల అని చెప్పి నీలిగా మెరిసే క్రోమ్ చూపిస్తే, తర్వాత ఎవరో పూత వేయించారు, లేదా కథ అల్లారు.

పురుగు సంగతి. దాన్ని మిడ్జ్ అంటారు, దోమ లాంటి చిన్న పురుగు. 1930ల ఎంజీ మిడ్జెట్ కార్లకు రేడియేటర్ మూత మీద పెట్టుకునే బొమ్మ, మిడ్జెట్ అన్న పేరు మీద పన్. మీ ఎంజీఏకి రేడియేటర్ మూత బానెట్ కింద ఉంటుంది, దీనికి నిలబడే చోటే లేదు. కాబట్టి ఇది నీ కారుది కాదు. పెద్దాయనకు అంతకు ముందు పాత మిడ్జెట్ ఉండేదేమో, ఎవరో కానుకిచ్చారేమో. నకళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. అసలుదే అయితే మాత్రం డబ్బాలో ఉన్న మొత్తం సామాను కన్నా విలువైనది అదే. బానెట్‌కు బొక్క పెట్టి దాన్ని నిలబెట్టాలన్న ఆలోచన వస్తే ఆ రోజు గ్యారేజీకి వెళ్లకు.

ఈ బొక్కల పాపం జాగ్వార్ వాళ్లకు బాగా తెలుసు. దూకే జాగ్వార్ బొమ్మను 1938లో గీసింది ఫ్రెడరిక్ గోర్డన్ క్రాస్‌బీ, 'ది ఆటోకార్' పత్రిక చిత్రకారుడు. బెంట్లీ రెక్కల బీ అక్షరం కూడా ఆయన చేతిదే. ఆ బొమ్మకు ఎంత పేరొచ్చిందంటే, ఫ్యాక్టరీ పెట్టని ఎక్స్‌కే 120 స్పోర్ట్స్ కార్ల బానెట్ల మీద కూడా జనం సెలూన్ కార్ల నుంచి పీకి తెచ్చి బొక్క పెట్టి బిగించారు. అదే జాగ్వార్‌కు నిజంగా సొంతమైన నగ ఇంకొకటుంది, ఎవరూ చూడరు. ఎక్స్‌కే 140 డిక్కీ మూత మీద లె మాన్స్ (ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల కార్ల రేసు) విజేత 1951-3 అని రాసిన చిన్న ఎర్ర బిళ్ల. చదివితే మూడేళ్లూ వరుసగా గెలిచినట్టుంటుంది. 1952లో జాగ్వార్లన్నీ ఇంజను వేడెక్కి మధ్యలోనే ఆగిపోయాయి, గెలిచింది మెర్సిడెస్! ఆ అడ్డగీత ఎంత పని చేసిందో చూడు. అబద్ధం ఒక్క అక్షరం లేదు, నిజమూ పూర్తిగా లేదు.

తోలు పట్టీ గురించి నీ మెకానిక్ చెప్పిందే కరెక్ట్. అది ఆస్టిన్-హీలీ 100ఎం వేషం. బానెట్‌కు గాలి చీలికలు, అడ్డంగా తోలు పట్టీ ఉండే కారు అది, హీలీ వాళ్లు వారిక్‌లో 640 తయారు చేశారు. అవే సామాన్లు కిట్‌గానూ అమ్మారు కాబట్టి హీలీల్లో ఏది నికార్సు ఏది తర్వాత బిగించింది అని ఇప్పటికీ గొడవలే. నీ ఎంజీఏ మీద పట్టీ అంటే ఎవరో సరదా పడ్డారు, అంతే. తోలు బాగుంటే ఇంట్లో గోడకు తగిలించు.

చెక్క స్టీరింగ్ తొందరపడి తీసెయ్యకు. కొత్తలో నీ కారుకు వచ్చింది నల్లటి స్ప్రింగు పుల్లల చక్రం. కింగ్‌స్టన్‌లో డెరింగ్టన్ అనే ఆయన దుకాణం, లండన్ హోబర్న్‌లో రేసు డ్రైవరు లెస్ లెస్టన్ దుకాణం, తర్వాత మోటో-లీటా, వీళ్లు చెక్క అంచు స్టీరింగులు అమ్మేవారు. ఆ కాలం కుర్రాళ్లకు అది మన దగ్గర బుల్లెట్ బండికి హ్యాండిల్ మార్చడం లాంటి మోజు. మధ్య బాస్, అంటే చక్రం నడిమి దిమ్మ, వెనక పేరు కొట్టి ఉందేమో చూడు. డెరింగ్టన్‌దైతే నీ అదృష్టం. కానీ దానితో బండి నడిపే ముందు చెక్క అతుకులు, రివెట్లు ఒకటికి రెండుసార్లు పరీక్ష చెయ్యి. విడిపోతున్న పాత చెక్క ప్రమాదంలో చీలికలై చేతుల్లోకి దిగుతుంది. అనుమానం ఉంటే మామూలు చక్రం వేసి తిరుగు, ఇది షోకేసులో పెట్టు.

చివరికి మద్రాసు బిళ్ల. ఆటోమొబైల్ అసోసియేషన్ ఆఫ్ సదరన్ ఇండియాది అని నీ వివరణను బట్టి అనుకుంటున్నాను. ధర ప్రకారం గొప్పది కాకపోవచ్చు. నాకు మాత్రం ఆ కడ్డీ మీద మొదట చూపు పోయేది దాని మీదకే. 1953 అక్టోబరు దాకా మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనే కదా, ఆ బిళ్ల తగిలించుకున్న పెద్దాయన పాత కారేదైనా బెజవాడ కృష్ణ ఒడ్డునో వాల్తేరు వీధుల్లోనో తిరిగి ఉండొచ్చు. పెద్దాయన అక్కడేం ఉద్యోగం చేశాడో వాళ్ల పిల్లలకు తెలిసి ఉంటుంది. ఊరి పేరు ఒక్కటి దొరికినా రాసి పెట్టుకో.

పని విషయానికొస్తే, కడ్డీ ఉంచు. దాని బొక్కలను వెల్డింగుతో పూడ్చనివ్వకు, ఏ సామాను ఏ కాలంలో బిగించారో చెప్పే సాక్షులు అవే. బిళ్లలు విప్పేటప్పుడు నట్లు, వాషర్లు ఏ బిళ్లవి ఆ బిళ్లతోనే చిన్న సంచుల్లో వెయ్యి. గోరువెచ్చని నీళ్లు, మెత్తని బ్రష్షు, ఆరాక మైనం పూత చాలు. ఇత్తడి పాలిష్ మీనా దగ్గరకు రానివ్వకు. తిరిగి బిగించేటప్పుడు లోహానికీ లోహానికీ మధ్య రబ్బరు వాషరు పెట్టు, ఇక్కడి చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకు రెండు లోహాలు తాకిన చోటే ముందు తుప్పు మొదలవుతుంది.

మెకానిక్‌కు కారు అప్పజెప్పేలోపు నాలుగు బిళ్లల వీపులు, మిడ్జ్ అడుగు భాగం, స్టీరింగ్ బాస్ వెనక పగటి వెలుతురులో ఫొటోలు తీసి ఇక్కడ పెట్టు. ఫ్లాష్ వెయ్యకు, కొట్టిన అక్షరాలు మాయమవుతాయి. పక్కన ఒక పెన్నీ నాణెం పెట్టి తియ్యి, పరిమాణం తెలుస్తుంది. మద్రాసు బిళ్ల నట్టు మాత్రం నువ్వే విప్పు, వాళ్ల చేతికివ్వకు.